ఇరుసులోని తీగ

ఫుర్కాన్ కడప నుంచి మెల్‌బోర్న్ వచ్చి, ఒక బీమా కంపెనీ పాత ప్రోగ్రాముల్లో తేదీలు సరిదిద్దే పని చేశాడు. కంప్యూటర్లన్నీ తేదీ తప్పి ఆగిపోతాయని అందరూ భయపడ్డ రెండువేల సంవత్సరం వచ్చింది. ఏదీ కూలిపోలేదు. వేసవి ముగిసేలోగా అతని కాంట్రాక్టు మాత్రం ముగిసింది. సిడ్నీలో కొత్తగా తెరిచిన ఒక ఇంటర్నెట్ కంపెనీ అతన్ని రమ్మంది. అక్కడ ఇల్లు దొరికేదాకా తలదాచుకోవడానికి మెల్‌బోర్న్ శివారు క్రాన్‌బర్న్‌లో ఒక ముసలాయన దగ్గర పాత కారవాన్ కొన్నాడు. కారు వెనక తగిలించుకుని వెళ్ళే చక్రాల ఇల్లు అది.

దాని బ్రేకులు కరెంటుతో పనిచేస్తాయి. కారులో స్టీరింగు కింద చిన్న కంట్రోలర్ ఉంటుంది. కారు బ్రేకు తొక్కగానే అది కారవాన్ చక్రాల్లోని అయస్కాంతాలకు కరెంటు పంపుతుంది. దాని మీద ఉన్న మీట నొక్కితే కారవాన్ బ్రేకులు మాత్రమే పడతాయి.

కొన్నరోజు ఊరి చివర తిప్పి చూసినప్పుడే భార్య తబస్సుం అంది, “బ్రేక్ వేస్తే వెనకనుంచి ఎవరో తోస్తున్నట్టుంది.”

ఫుర్కాన్ ఇంటిముందు కారు ఆపి మీట నొక్కాడు. చక్రాల్లోంచి సన్నగా రొద వచ్చింది.

“విన్నావా? పనిచేస్తాంది. ఊరికే భయపడతావు నువ్వు,” అన్నాడు.

తబస్సుం సాఫ్ట్‌వేర్ టెస్టరు, ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం ఆమె పని. ‘పనిచేస్తోంది’ అన్న మాట ఆఫీసులో చాలాసార్లు విన్నదే. ఇంట్లో కూడా వినాల్సి వచ్చినందుకు ఆమెకు చిరాకేసింది కానీ, ప్రయాణం ముందు గొడవెందుకని ఊరుకుంది.

వాళ్ళు సముద్రతీరం వైపు రోడ్డు పట్టుకుని సిడ్నీకి బయల్దేరారు. వెనక సీట్లో ఫుర్కాన్ తల్లి ఖైరున్నీసా కూర్చుంది. కొడుకును చూసి పోదామని విజిటర్ వీసా మీద వచ్చిన మనిషి. ఆ ఇంట్లో మామూలు మాటలన్నీ ఉర్దూలో నడిచేవి, వాదన మొదలైతే తెలుగులోకి దిగేవి.

ఆర్బోస్ట్ అనే ఊరు దాటాక అడవిలో రోడ్డు మెలికలు తిరుగుతూ కిందికి దిగింది. వెనక దుంగల లారీ వస్తోంది. ఫుర్కాన్ బ్రేకు తొక్కాడు. కారు నెమ్మదించింది, కారవాన్ నెమ్మదించలేదు. దాని బరువంతా కారును ముందుకు నెట్టింది. తర్వాత దాని తోక ఎడమకీ కుడికీ ఊగడం మొదలైంది. ఆ ఊపు కారుకూ పాకింది. తబస్సుం పక్కనుంచి వంగి కంట్రోలర్ మీట నొక్కి పట్టుకుంది. ఏమీ కాలేదు. ఆమె వేలు తీయలేదు. ఉన్నట్టుండి వెనకనుంచి ఒక్క లాగు లాగినట్టయి కారవాన్ నిటారుగా వచ్చింది. ఫుర్కాన్ గేరు తగ్గించి, రోడ్డు పక్కన చదునుగా ఉన్న కంకర నేల మీదికి తిప్పి ఆపాడు. లారీ హారను కొట్టుకుంటూ వెళ్ళిపోయింది.

ఖైరున్నీసా తలుపు తీసుకుని దిగింది.

“దీన్ని బాగు చేసేదాకా నేను ఎక్కను,” అంది.

“అమ్మీ, సోమవారం జాయిన్ కావాల. మెల్లగా పోదాంలే.”

“మెల్లగా పోతే మెల్లగా సస్తాం. అంతేగా?”

ఫుర్కాన్ టూల్ బాక్సు తీశాడు. కారుకూ కారవాన్‌కూ మధ్య ఉన్న ప్లగ్గు విప్పి, పిన్నులు గీకి శుభ్రం చేసి, మీటరు పెట్టి చూశాడు. కరెంటు వస్తోంది. మళ్ళీ తగిలించాడు.

“ప్లగ్గే లూజు. అయిపోయింది,” అన్నాడు.

“లూజుగా ఉండగా చూశావా?” అని అడిగింది తబస్సుం.

“లేదు. కానీ ఇప్పుడు వస్తాంది కదా.”

“ఆరోజు ఇంటిముందు కూడా వచ్చింది. ప్రాబ్లమ్ ఉన్నప్పుడు పట్టుకోవాలి ఫుర్కాన్, లేనప్పుడు కాదు.”

అతను విసురుగా వెళ్ళి కారులో కూర్చుని మీట నొక్కుతూ వదులుతూ ఉన్నాడు. సాయంత్రపు అసర్ నమాజు వేళయింది. ఖైరున్నీసా కారవాన్ నీడలో, చక్రం పక్కన నమాజు చాప జానమాజ్ పరిచి, మక్కా వైపున్న కిబ్లా దిక్కు చూసుకోవడానికి చేతిసంచిలోంచి చిన్న దిక్సూచి తీసింది.

“ఏందే ఇది, ఒకచోట నిలవదు! ఇట్ల తిరుగుతాంది, అట్ల తిరుగుతాంది!”

తబస్సుం వచ్చి చూసింది. ముల్లు గభాలున పక్కకు తిరిగింది. మళ్ళీ వెనక్కి వచ్చింది. ఆమెకు అర్థమైంది. ఫుర్కాన్ మీట నొక్కినప్పుడల్లా చక్రంలోని అయస్కాంతం పనిచేస్తోంది, ముల్లును లాగుతోంది. రెండోవైపు చక్రం దగ్గరా పెట్టి చూసింది. అక్కడా అంతే.

“నిలబడి ఉంటే రెండూ బాగానే ఉన్నాయి. మరి కదిలితే?” అంది తనలో తాను. మీట వదలకుండా నొక్కి పట్టుకోమని ఫుర్కాన్‌కు కేకేసింది.

ఖైరున్నీసా నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కునే వజూకు నీళ్ళు తెచ్చుకుందామని కారవాన్‌లోకి ఎక్కింది. ఆమె బరువుకు అది ఒక పక్కకు కుంగింది. ఫుర్కాన్ మీట నొక్కే ఉంచాడు, కానీ ముల్లు మామూలు స్థానానికి వచ్చేసింది.

“అత్తమ్మా! అక్కడే ఉండండి. కొంచెం దుంకండి!”

“ఈ వయసులో నాతో దుంకిస్తావా?”

“ఒక్కసారి, ప్లీజ్.”

ఖైరున్నీసా రెండు చేతులతో తలుపు చట్రం పట్టుకుని గంతేసింది. ముల్లు తిరిగింది, ఆగింది, మళ్ళీ తిరిగింది. తబస్సుం పిలిచి ముల్లు సంగతి చెబితే, ఫుర్కాన్ మీట వదిలి కారు దిగి వచ్చి భార్య పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి, టార్చి వేసి కిందికి తొంగిచూశారు. ఒక చక్రం నుంచి రెండో చక్రానికి వెళ్ళే తీగ గొట్టంలాంటి ఇరుసు లోపలినుంచి పోతోంది. అది లోపలికి దూరే రంధ్రం దగ్గర పైతొడుగు అరిగిపోయి రాగి బయటపడింది. బండి కుంగినప్పుడల్లా ఆ రాగి ఇరుసుకు తగిలి, కరెంటంతా ఇనుములోకే పోతోంది. చక్రాలకు ఏమీ మిగలడం లేదు.

ఫుర్కాన్ పాత తీగను రెండు పక్కలా కోసేశాడు. కారవాన్‌లో ఉన్న ఎక్స్‌టెన్షన్ వైరులోంచి ముక్క కోసి, ఇరుసు బయటినుంచి వేసి, కలిపిన చోట్ల టేపు చుట్టాడు. వేలాడకుండా కట్టడానికి ఏమీ దొరకలేదు. ఖైరున్నీసా తన పెట్టెలోంచి కొత్త లంగా బొందు తీసిచ్చింది.

“గట్టిదే, ప్రొద్దుటూరులో కొన్నా,” అంది.

తర్వాత ఫుర్కాన్ వెళ్ళి మీట నొక్కి పట్టుకోగానే ఆమె మళ్ళీ ఎక్కి, ఎవరూ అడగకుండానే గంతులేసింది. ముల్లు కదలకుండా పక్కకు తిరిగే ఉంది. అప్పుడు దిగి, వజూ చేసుకుని, దిక్సూచి తీసుకుని దూరంగా వెళ్ళి నమాజు చేసుకుంది.

ఫుర్కాన్ చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. కొండ దిగేటప్పుడు తల్లీ భార్యా తన వెనకా పక్కనా ఉన్న సంగతి అతనికి ఇప్పుడు పూర్తిగా తట్టింది.

“తబూ, మళ్ళీ ఏదన్నా తేడాగా అనిపిస్తే చెప్పు.”

“చెప్తే వింటావా?”

“బండి ఆపుతా.”

మిగిలిన దిగుడులో బ్రేకు తొక్కితే కారవాన్ వెనకనుంచి నిబ్బరంగా ఆపింది. ఫుర్కాన్ భుజాలు సడలాయి. కింద బల్లపరుపు నేల మీదికి వచ్చి, వేగం అందుకుంటున్నప్పుడు తబస్సుం అంది, “ఆపు.”

ఎందుకని అడగకుండా అతను పక్కకు తీసి ఆపాడు. ఆమె దిగి, ఒక చక్రం మధ్యభాగం దగ్గర చెయ్యి పెట్టి చూసింది. చుట్టూ తిరిగి రెండో చక్రం దగ్గరా చూసింది. వంగి తీగను కదిపింది.

ఖైరున్నీసా కిటికీలోంచి తల బయటపెట్టింది. “ఏమైందే?”

“ఏమీ లేదత్తమ్మా. రెండూ ఒకేలా వెచ్చగా ఉన్నాయి. అంటే రెండు బ్రేకులూ పట్టుకుంటున్నాయి.”

ఆమె వచ్చి కూర్చుని బెల్టు పెట్టుకున్నాక ఫుర్కాన్ అద్దంలో వెనక రోడ్డు చూసుకుని కారు కదిలించాడు.