చెప్పుల వరుసలో తియ్యటి మాట

మెకాంగ్ ఒడ్డున మా ఊరి క్లినిక్కు పిల్లల డాక్టరు ఖోన్ కేన్ పట్నం నుంచి వారానికి ఒక్క పూటే వస్తాడు. మధ్యాహ్నానికి వెళ్ళిపోతాడు. అందుకే అందరం తెల్లారకముందే వచ్చి, వరండాలో చెప్పులు వరుసగా విడిచి, నీడన చతికిలబడతాం. మా బదులు చెప్పులు నిలబడతాయి.

ఆ రోజు నా చెప్పులు వరుసలో ముందున్నాయి. ఒళ్ళో నా పసివాడు తవన్ జ్వరంతో పెనంలా కాలిపోతున్నాడు. పాలు కూడా ముట్టకుండా ఏడుస్తున్నాడు.

ఎండెక్కాక బంగారం కొట్టు విలైవన్ గారు వచ్చింది. ఆమె ఎవరితోనూ "ఇవ్వు" అనదు. చేతులు జోడించి, గొంతులో పాకం పోసుకుని అడుగుతుంది.

"చెల్లీ, నిన్ను ఇబ్బంది పెట్టాలని కాదు. ఆ చెప్పులు కాస్త వెనక్కి జరుపుతావా తల్లీ?"

అలా అడిగాక కాదన్నవాళ్ళే మొరటు మనుషులవుతారు. ఆమె మర్యాదంతా అందుకే. ఆమె కొడుకుకు జబ్బేమీ లేదు, బడిలో ఈతకు డాక్టరు సంతకం కావాలట.

"పర్వాలేదక్కా," అన్నాను. నోరు దానంతటదే అంది. వెనకే వచ్చిన ఆమె మరదలు కూడా అదే పాకంతో నన్ను ఇంకాస్త జరిపించింది.

నర్సు దగ్గరికి వెళ్ళాను. "మీకు వీలైతేనేనండీ, తొందరేం లేదు, బాబును ఒకసారి చూస్తారా?"

"తొందర లేదన్నావుగా, కూర్చో చెల్లీ," అని ఆవిడ నవ్వింది.

బిడ్డ కాలిపోతుంటే తొందర లేదట. మర్యాదకైనా సిగ్గుండాలి.

కాసేపటికి తవన్ ఏడుపు ఆపేశాడు. బుగ్గ తట్టినా కదల్లేదు. వాణ్ణి భుజాన వేసుకుని వెళ్ళి విలైవన్ గారి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. వరండా అంతా వినేలా, ఆమె గొంతుతోనే అడిగాను.

"అక్కా, మీది వెన్నలాంటి మనసని ఊరంతా అంటుంది. పసివాడికి జ్వరం. మీ చోటు కాస్త వీడికిస్తారా? మీరు కాదనరని తెలిసే అడుగుతున్నా."

తలలన్నీ ఇటు తిరిగాయి. పక్కనున్న ముసలావిడ వక్కాకు బుగ్గన పెట్టుకుని, "ఆమెందుకు కాదంటుంది, పుణ్యాత్మురాలు," అంది.

విలైవన్ గారి ముఖాన నవ్వు అతికించినట్టు ఉండిపోయింది. "అయ్యో, దానికేం చెల్లీ," అంది పళ్ళ సందుల్లోంచి. వంగి, తన చెప్పులు తనే వెనక్కి లాక్కుంది. వంగడం అలవాటు లేదని చూస్తేనే తెలిసింది. మరదలికీ జరగక తప్పలేదు.

లోపల డాక్టరు తవన్ ఛాతీ చూసి ముఖం చిట్లించాడు. "ఇంతసేపు బయటెందుకు కూర్చున్నావమ్మా?"

"మర్యాదగా కూర్చున్నానండీ."

ఆయన సూది తీశాడు. గుచ్చగానే తవన్ గది దద్దరిల్లేలా ఏడ్చాడు. ఆ ఏడుపు విన్నాక గాని నాకు ఊపిరాడలేదు.