మూడో గొట్టం

మేనత్త మొక్కలు పెంచి అమ్మే తోట పక్కనే మూతపడ్డ పెట్రోలు బంకు ఉంది. భూమిలో పాతిన దాని ట్యాంకు ఎన్నేళ్ళు కారిందో ఆ ట్యాంకుకే తెలియాలి. కారిన పెట్రోలు నేలలోకి, అక్కణ్ణుంచి నీళ్ళలోకి దిగి, కంచె దాటి, చెప్పాపెట్టకుండా అత్త తోటలో మకాం పెట్టింది. ఆమె బావికి సీలు వేసి నాలుగేళ్ళయింది.

నేలను బాగుచేయడానికి రెండు దారులు. తోటంతా తవ్వి ఆ మట్టి ఎత్తిపోయడం ఒకటి. నేలలోని సూక్ష్మజీవులే పెట్రోలును తినేస్తాయి కాబట్టి వాటి మానాన వాటిని వదిలేసి, ఏటేటా నీళ్ళు పరీక్షిస్తూ ఉండడం రెండోది. అలా వదిలేయడమంటే చేతులు ముడుచుకు కూర్చోవడం కాదని మేనకోడలు ఆఫీసులో చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టించుకుంది. ఆ పరీక్షలు చేసే ఇంజనీరు ఆవిడే. ఈ ఏడాది కూడా నీళ్ళలో పెట్రోలు అంకె తక్కువగా వస్తే తవ్వకం ఉండదు. లేకపోతే తోట పోతుంది. అరవై రెండేళ్ళ అత్తకు ఆ తోట తప్ప వేరే వ్యాపకమూ లేదు, ఆధారమూ లేదు.

నేలలోకి దింపిన పరీక్ష గొట్టాలు మూడు. ఆక్సిజన్ కొలిచే మీటరు ఆవిడ ఈ ఏడాదే కొత్తగా తెచ్చింది. బంకులో ఉన్న రెండింటిలో ఆక్సిజన్ దాదాపు సున్నా. తినేవాళ్ళు పంక్తిలో కూర్చుని ఉన్న ఆక్సిజనంతా వాడేసుకుంటున్నారు, అది సహజమే. తోటలోని మూడో గొట్టం దగ్గర మాత్రం మీటరు చూసి ఆవిడ మొహం చిట్లించింది. పెట్రోలు వాసన లేదు, ఆక్సిజన్ నిండుగా ఉంది. తినేవాళ్ళు లేకుండానే తిండి మాయమైందా?

రూలు ప్రకారం గొట్టంలో నిలవున్న నీళ్ళు తోడి పారబోసి, కొత్తగా ఊరిన నీళ్ళే సీసాలో పట్టాలి. మొదటి రెండింటికీ తు.చ. తప్పకుండా అలాగే చేసేది. మూడోదాంట్లో నీళ్ళు అద్దంలా ఉండేవి కనక రెండు సీసాలు పారబోసి సరిపెట్టేది. ఈసారి చిన్న పంపు పెట్టి అరగంట తోడింది. ఆక్సిజన్ జారుతూ జారుతూ సున్నా దగ్గర ఆగింది. పెట్రోలు వాసన గుప్పుమంది.

"అత్తా, ఇందులో ఏమైనా పోశావా?"

"పోయడమేంటే, కడిగాను. నువ్వొచ్చే ముందురోజు కుళాయి పైపు పెట్టి ఓ గంట కడుగుతాను. నీళ్ళు పట్టుకెళ్ళడానికి ఇంత దూరం వస్తావు, బురద నీళ్ళిచ్చి పంపిస్తానా?"

"ఎప్పట్నుంచి?"

"రెండో ఏడాది నుంచి. మొదటిసారి నీ చేతులనిండా జిడ్డయింది చూడు, అప్పట్నుంచీ."

అత్త మొహంలో దొంగతనం ఏ కోశానా లేదు. మేనకోడలికి కోపం రాలేదు, సిగ్గేసింది. గిన్నె కడిగివ్వడం అత్త మర్యాద. తోడకుండా పట్టడం తన బద్ధకం. రెండేళ్ళుగా తను నెత్తిన పెట్టుకుని ఊరేగించిన అంకెలు కుళాయి నీళ్ళవి.

వారానికి ల్యాబు కాగితం వచ్చింది. మూడో గొట్టంలో విషం మొదటి ఏడాది ఎంతుందో ఇప్పుడూ అంతే ఉంది. ఫోనులో చెప్పడానికి మనసొప్పక తోటకే వెళ్ళింది.

"అయితే ఆ పురుగులు తినడం లేదా?" అంది అత్త.

"తింటున్నాయి. కానీ వచ్చి చేరేదాన్ని అందుకోలేకపోతున్నాయి."

"పోనీ, పాత అంకే రాస్తే?"

"తోట ఉంటుంది. కిందనుంచి ఆ నీళ్ళు పక్కింటి బావిలోకి పోతాయి. ఈపాటికి చేరాయేమో కూడా తెలీదు." మేనకోడలు ల్యాబు కాగితం మడత విప్పింది. "రెండేళ్ళు తప్పు రాసింది నేనత్తా. అదీ రాస్తాను."

అత్త కుండీల వరసల వైపు ఒకసారి చూసింది. తర్వాత కంచె దగ్గరికి నడిచి పక్కింటావిణ్ణి కేకేసింది. ఆవిడ చంటిదాన్ని చంకనేసుకుని వచ్చింది.

"ఇవాళ్టినుంచి మీ బావి నీళ్ళు తాగకండమ్మా. ఎందుకో మా అమ్మాయి చెప్తుంది, వినండి," అని అత్త పక్కకు జరిగింది.

మేనకోడలు కాగితం పట్టుకుని ముందుకొచ్చి, రెండేళ్ళ కిందటి తన తప్పు నుంచి చెప్పడం మొదలుపెట్టింది.