రెండు గసగసాల కాయలు

సఫ్తా మోకాళ్ల మీద వంగి ఆసుపత్రి నేల రుద్దుతోంది. బ్లీచింగు నీళ్లకు ఆమె వేళ్లు తెల్లగా ఉబ్బి, కణుపుల దగ్గర పగుళ్లు బారాయి. ఇరవై రెండేళ్లుగా అదే నేల, అవే చేతులు.

బయట ఊరంతా పందులు అరుస్తున్నాయి. క్రిస్మస్‌కు ఐదు రోజుల ముందు, ఇగ్నాత్ పండగ నాడు, ప్రతి పెరట్లోనూ ఒక పంది తెగాల్సిందే. జాలిపడే మనిషి దగ్గరుంటే దాని ప్రాణం ఒక పట్టాన పోదని వాళ్ల నమ్మకం. కొడుకు పోయినప్పటి నుంచి సఫ్తాకు జాలి ఎక్కువని పేరు. అందుకే ఆ రోజు ఆమెను ఏ పెరట్లోకీ రానివ్వరు. పోయి ఆసుపత్రి కడుక్కోమంటారు. ఆమె కడుక్కుంటుంది.

గోడవారన బల్ల మీద లుక్సిత కూర్చుంది. ఒళ్లో ఆరు వారాల కొడుకు మొహం కందగడ్డలా చేసుకుని, కాళ్లు పొట్టలోకి ముడుచుకుని గుక్కపెట్టి ఏడుస్తున్నాడు. లుక్సిత ఎడమ కంటి కింద వారం నాటి దెబ్బ పసుపు రంగుకు తిరిగింది. దాని పక్కన నిన్నటిది ఇంకా నల్లగానే ఉంది.

పట్నం నుంచి వచ్చే డాక్టరమ్మ పొద్దున పిల్లవాణ్ని చూసింది. జ్వరం లేదు, బరువు పెరుగుతున్నాడు, కడుపులో గాలి అంతే, మందక్కర్లేదు, భుజాన వేసుకుని తిప్పితే మూడో నెలకు అదే పోతుందని చెప్పి మధ్యాహ్నం బస్సెక్కింది. ఎక్కబోతూ సఫ్తాతో, సోంపు నీళ్లు ఒక్క చెంచాకు మించి వద్దనీ, పసివాళ్లను మత్తుగా పడుకోబెట్టే గసగసాల కాయల కషాయం మాట వినబడితే మాత్రం ఊరుకోననీ అంది. సఫ్తాకు ఆ మాట చెప్పక్కర్లేదని డాక్టరమ్మకు తెలియదు.

“మూడో నెల దాకా ఆయన ఆగడు పిన్నీ,” అంది లుక్సిత. “ఏడుపు వాడిది, తన్నులు నావి.”

సఫ్తా చేతులు తుడుచుకుని సోంపు గింజలు మరిగించింది. వడగట్టి చిన్న సీసాలో పోసి, బిరడా బిగించింది. వేడి పోకుండా తన తలగుడ్డ విప్పి సీసాకు చుట్టి పొయ్యి గట్టు మీద పెట్టింది.

తలుపు గోడకు కొట్టుకుంది. లుక్సిత మొగుడు గావ్రిల్. ఊళ్లో పందులన్నిటికీ కత్తి అతనిదే. మోచేతుల దాకా నెత్తురు, మనిషంతా రేగుపళ్ల సారా కంపు. జేబులోంచి మూడు ఎండు గసగసాల కాయలు తీసి అరచేతిలో చూపాడు.

“ఇవి కాచు. పొద్దుట్నించి ఏడు పందుల నోళ్లు మూయించా. ఈ గుప్పెడు వెధవ మూయడు.”

“కాయను.”

“మా అమ్మ ఇవి పట్టే ఏడుగురిని పెంచింది.”

“ఏడుగురిని పెంచింది సరే. ఎందరిని కన్నదో అడిగావా?”

తొమ్మిదిమందిని కన్నదని ఊరందరికీ తెలుసు. గావ్రిల్ నోరు తెరిచేలోగా సఫ్తా ఆ కాయలు లాక్కుని పొయ్యిలో పడేసింది.

అతను చెయ్యి తిప్పి కొట్టాడు. పొయ్యి ఇనుప అంచు ఆమె తలకు తగిలింది. పెద్ద చప్పుడేమీ కాలేదు. తెల్లజుట్టు పట్టి ఈడ్చి డొక్కలో రెండు తన్నులు తన్నాడు. లుక్సిత అరవలేదు. అరిస్తే తన వంతు వస్తుంది.

సఫ్తా నేల మీంచే లుక్సితను చూసి మాట్లాడింది.

“మా బాబు ఇలీని జ్వరం తీసుకుపోలేదే అమ్మాయ్. గడ్డి కోతల రోజులు. వాడేడిస్తే మా ఆయన కొడవలి కర్ర తీసేవాడు. ఆ ఏడు వానల్లేక కాయలు చిన్నవి. ఒకటి చాలదని రెండు కాచా. ఎంత బుద్ధిగా పడుకున్నాడో అని చేలో అందరూ మెచ్చుకున్నారు. సాయంత్రం దాకా నేనూ అదే అనుకున్నా.”

నలభై ఒక్క ఏళ్లలో ఆ మాట పైకి రావడం అదే మొదలు.

గావ్రిల్ ఉమ్మేసి, అటక మీద ఇంకా దండెడు కాయలున్నాయన్నాడు. పెళ్లాన్ని రెక్క పట్టి రోడ్డవతలి తన ఇంటికి లాక్కుపోయాడు.

సఫ్తా కిటికీ పట్టుకుని లేచింది. ఎదుటి పెరట్లో పంది బొచ్చు కాల్చడానికి గడ్డిమంట వేశారు. కాసేపటికి లుక్సిత ఇంట్లోంచి వచ్చింది. ఒక భుజాన పిల్లవాడు, ఇంకో చేత గసగసాల కాయల దండ. మగాళ్ల మధ్య నుంచి తిన్నగా నడిచి దాన్ని మంటలో వేసింది. గావ్రిల్ చెయ్యెత్తాడు. గడప మీద కూర్చున్న అతని ముసలి తల్లి లేచి వచ్చి ఆ చెయ్యి పట్టుకుంది. ఏమందో ఇక్కడికి వినబడలేదు. చెయ్యి మాత్రం దిగింది.

సఫ్తా నేల మీది తన నెత్తురు తుడిచింది. గుడ్డ పిండి బకెట్టు అంచున ఆరేసింది. బల్ల మీద కూర్చుని గోడకు తల ఆనించింది. పక్కన జాలిపడే మనిషెవరూ లేరు. ప్రాణం తొందరగానే పోయింది.

పొయ్యి గట్టు మీద, తలగుడ్డలో చుట్టిన సీసాలో, సోంపు నీళ్లు ఇంకా గోరువెచ్చగానే ఉన్నాయి.