అయిదు ఎంబీల మొహం

బుల్లమ్మ నా స్టూడియో మెట్లెక్కేసరికి మధ్యాహ్నం రెండున్నర. కళింగపట్నం నుంచి శ్రీకాకుళం దాకా బస్సులో నిలబడే వచ్చిందట. వెనకాల కూతురు అనూరాధ, ఎడమ చెంప మీదుగా చున్నీ లాక్కుని నిలబడింది.

"ఇజయ్‌బాబూ, నాలుగింటికి బోటు ఎల్లిపోతాది. ఈ ఈడియో సిన్నది సేసి పెట్టు" అంది, ఫోను నా ముందు పడేసి.

బోటు ఉన్నది గుజరాత్‌లో, వేరావల్ హార్బర్‌లో. దాని మీద పనిచేసే యుగంధర్‌కి అనూరాధని ఇద్దామని మాట. సముద్రంలోకి వెళితే ఇరవై రోజులు సిగ్నల్ ఉండదు. ఈలోగా ముహూర్తం పెట్టుకోవాలి కనక, పిల్లను చూసి బోటెక్కేలోపే ఏ సంగతీ చెప్పమన్నారు పెద్దలు. వీడియో చూస్తే నాలుగు నిమిషాలు, నాలుగు వందల ఎంబీలు. వాట్సాప్ పదహారు దాటితే తీసుకోదు. అక్కడి నెట్‌కి అయిదు దాటితే దిగదట.

నాకు చిర్రెత్తుకొచ్చింది. రాజాం షావుకారి ఇంటి పెళ్లి మిక్సింగ్ సాయంత్రానికి ఇవ్వాలి. కరెంటు లేదు, ఇన్వర్టర్ కుయ్యోమంటోంది. "నిన్న రావడానికేటి?" అని కసిరాను. అయినా కూర్చున్నాను. సైజు తగ్గించడంలో నన్ను మించినవాడు జిల్లాలో లేడని నాకో పొగరు.

బొమ్మ కొలత తగ్గించాను. సెకనుకి ఎంత వివరం ఉండాలో చెప్పే బిట్‌రేటుని అట్టడుక్కి దించాను. శాతాలు నత్తలా కదిలాయి. మూడుంబావుకి అయిదు ఎంబీల లోపు దిగింది. ప్లే చేశాను.

సముద్రం నీలం ముద్దయింది. అనూరాధ మొహం మాత్రం నున్నగా ఉంది. అసలు వీడియోలో ఎడమ చెంప నుంచి మెడ దాకా ఉన్న కాలిన మచ్చ ఇందులో లేదు. బిట్‌రేటు తగ్గితే దగ్గర దగ్గర రంగులన్నీ ఒకటైపోతాయి, మచ్చ కూడా అలాగే కలిసిపోయింది.

"మచ్చ కనబడ్డం నేదేటి! సల్లగుండాలి బాబూ, పంపీ" అంది బుల్లమ్మ. "ఎయ్యి అబద్దాలాడి ఒక పెళ్లి సెయ్యమన్నారు. ఇది ఒక్కటే కదా!"

నిజం చెప్పొద్దూ, నాకూ తప్పనిపించలేదు. పెళ్లి వీడియోల్లో నేను రోజూ చేసే పనే అది.

"అది నాను కాదు" అంది అనూరాధ. వచ్చాక అదే మొదటి మాట. "పీటల మీద సూసి, అందరి ముందూ ఆడు మొహం తిప్పుకుంటే నానేటైపోవాలి?"

"నోర్ముయ్యే! బాబూ, నువ్వు పంపు."

మూడున్నర. ఇద్దరూ నన్నే చూస్తున్నారు. ఒళ్లంతా చెమట. ఆ పిల్ల కళ్లలోకి చూడలేకపోయాను. సిగ్గేసింది.

నడకా, ఇల్లూ, ఒడ్డూ అన్నీ కోసేశాను. గాలికి జుట్టు ఎగిరి, ఎడమ చెంప కెమెరా వైపు తిరిగిన పన్నెండు సెకన్లు మాత్రం ఉంచాను. అదే అయిదు ఎంబీలు పన్నెండు సెకన్లకే దక్కేసరికి ప్రతి వెంట్రుకా తేలింది. మచ్చ అంచులూ తేలాయి.

"నా కొంప ముంచకు బాబూ" అని బుల్లమ్మ నా చెయ్యి పట్టుకునే లోపే, అనూరాధ తన ఫోనులో వేయించుకుని యుగంధర్‌కి పంపేసింది.

ఒక టిక్కు. మూడూ నలభై అయిదుకి రెండు. యాభైకి నీలం. ఆ తర్వాత ఏమీ లేదు. బుల్లమ్మ "అయిపోనాది" అంటూ కూలబడింది. అనూరాధ కాలు నేలకేసి కొడుతూనే ఉంది. ఈ తగవులో ఎందుకు తలదూర్చానా అని నన్ను నేను తిట్టుకున్నాను.

మూడూ యాభై ఏడుకి ఫోను మోగింది. అనూరాధ స్పీకరు నొక్కింది. అవతల ఇంజను హోరు.

"అనూరాధా... అది ఇప్పటికీ మండతాదేటి?"

స్టవ్ పేలి పదకొండేళ్లయిందట. మచ్చ పోవడానికి మందులు చెప్పినవాళ్లే గాని, ఆ మాట అడిగినవాళ్లు లేరు.

"ఎండలోకెల్తే మండతాది" అంది, ఏడుస్తూ.

"అయితే నానొచ్చేదాకా ఎండలో సేపలు ఆరెయ్యకు. మీయమ్మని ఆరెయ్యమను."

లైను తెగిపోయింది. బుల్లమ్మ కూతురి చేతిలోంచి ఫోను లాక్కుని, "ఆరేస్తాను నాయనా, నానే ఆరేస్తాను" అని అందులోకి చెబుతూనే ఉంది.