బ్రోటెన్ వాళ్ల హల్వోర్

తొమ్మిది రోజుల్లో ఇది మూడో త్వేటో. మార్లిస్‌కు కాళ్లు పీక్కుపోతున్నాయి. డెబ్భై నాలుగేళ్ల వయసులో అమెరికా నుంచి నార్వేకి వచ్చి, త్వేటో అని తన ఇంటిపేరే ఉన్న ప్రతి కమతం గడపా ఎక్కి, "మా తాత హల్వోర్ మీవాడేనా?" అని అడగడమే పనైపోయింది. అందరూ మంచివాళ్లే. కాఫీ పోస్తారు, అట్టు మీద గోధుమరంగు జున్ను వేసి పెడతారు, ఆఖరికి తల అడ్డంగా ఊపుతారు.

పోయిన చలికాలం తమ్ముడు పోయాక ఆమెకు రక్తసంబంధమంటూ ఒక్క ప్రాణి మిగల్లేదు. ఒక్కరు దొరికితే చాలు, ముఖం చూసుకుని వెళ్లిపోదామనుకుంది. ఎల్లుండి తిరుగు ప్రయాణం.

చివరి ప్రయత్నంగా, చర్చి రికార్డులు చూసే గుద్వెయ్ ముందు తన కాగితాలన్నీ పరిచింది. గుద్వెయ్ కళ్లజోడు పైకి తోసుకుంది.

"అయ్యో అమ్మా! త్వేటో మీ ఇంటిపేరని ఎవరన్నారు?"

"కాకపోతే ఇన్నేళ్లూ ఎవరి పేరు మోస్తున్నట్టు?"

"మీ తాత అక్కడ రెండేళ్లు పాలేరుగా చేశాడంతే. ఆ రోజుల్లో ఏ కమతంలో ఉంటే అదే పేరు. మకాం మారితే పేరూ మారేది. ఓడెక్కేనాటికి త్వేటోలో ఉన్నాడు, అలాగే రాయించుకున్నాడు. పుట్టింది మాత్రం ఇక్కడ, బ్రోటెన్ కమతంలో."

మార్లిస్‌కు ఒళ్లు మండింది. "ఆ మహానుభావుడు ఆ ముక్క చెప్పి చావొచ్చుగా!"

గుద్వెయ్ పేజీలు తిప్పింది. బ్రోటెన్ ఖాళీ అయిపోయి తొంభై ఏళ్లు. కానీ హల్వోర్‌కు ఇంగెబ్యోర్గ్ అని ఒక చెల్లెలుండేది. కొండ అవతల లీయెన్ కమతానికి కోడలిగా వెళ్లింది. ఆమె కూతురు ఓస్నెకి ఎనభై ఆరేళ్లు, వృద్ధాశ్రమంలో ఉంది.

"బతికే ఉంది. నోరు కూడా బతికే ఉంది, జాగ్రత్త," అంది గుద్వెయ్.

మర్నాడు పొద్దున్నే మార్లిస్ బస్సెక్కి వెళ్లింది. కిటికీ పక్క మంచం మీద కూర్చున్న ముసలావిడ ఎగాదిగా చూసింది.

"ఎవరు నువ్వు?"

"హల్వోర్ మనవరాలినండీ."

"ఏ హల్వోర్?"

"బ్రోటెన్ వాళ్ల హల్వోర్." ఆ పేరు తనదని చెప్పుకోవడం మార్లిస్‌కు అదే మొదటిసారి.

ఓస్నె పక్కనున్న సొరుగు లాగి ఐదు ఉత్తరాలు తీసి దుప్పటి మీద పడేసింది. కవర్ల మీద 'హల్వోర్ బ్రోటెన్' అని ఉంది. అలాంటి మనిషి ఇక్కడ లేడని అమెరికా పోస్టాఫీసు ముద్ర కొట్టి వెనక్కి పంపింది.

"ఐదేళ్లు ఏటా క్రిస్మస్‌కి రాసింది మా అమ్మ. దేశం దాటగానే మమ్మల్ని దులిపేసుకున్నాడు మీ తాత. పోయేదాకా తిట్టుకుంది."

"మా తాత కూడా తిట్టాడండీ. ఇంటికి ఎన్నిసార్లు రాసినా చెల్లెలు పలకలేదని. దానిది రాతిగుండె అనేవాడు."

"ఏ ఇంటికి? బ్రోటెన్‌కా? అమ్మ లీయెన్‌కి వచ్చేసిందిగా! అక్కడ తలుపు తీసే దిక్కెవరు?"

"మా ఊళ్లో ఆయన త్వేటో. బ్రోటెన్ అంటే ఎవరికి తెలుస్తుంది?"

ఓస్నె కవర్లను ఒక్కొక్కటిగా సర్దింది. తర్వాత, "ఇద్దరూ మొండి ఘటాలే," అని ముక్కు తుడుచుకుంది. "చదువు పిల్లా. నేనెప్పుడూ విప్పలేదు. అవి మావి కావు."

తాత నేర్పిన నార్వే భాష ఇప్పుడు చదవడానికీ అక్కరకొచ్చింది. మార్లిస్ అన్నిటికంటే పాత కవరు చింపి, కూడబలుక్కుంటూ చదివింది.

"అన్నయ్యా, నాకు పెళ్లయింది. ఇకనుంచి నన్ను లీయెన్ అంటారు. ఈ పేరుకే ఉత్తరం రాయి, మర్చిపోకు..."

మార్లిస్ ఉత్తరం కిందికి దించింది. ఓస్నె ఆమె చెయ్యి పట్టి లాగి, మంచం మీద తన పక్కనే కూర్చోబెట్టుకుంది.