తోడల్లుడు చూసిన లారీ

దామోదరానికి భార్య మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే. పంకజాక్షికి దిష్టి తీయడం చేతకాదు. శుక్రవారం పూట కొత్త లారీకి గుమ్మడికాయ తిప్పమంటే, చంటిపిల్లను ఆడిస్తున్నట్టు నవ్వుతూ తిప్పుతుంది. ఊరి కళ్ళను గట్టిగా తిట్టాల్సిన చోట గేరుబాక్సు సంగతి ఎత్తుతుంది.

"షోరూం అమ్మాయి మళ్ళా ఫోన్ చేసింది గదా? ఈ రకం బండ్లల్లో గేరు జారేది ఉండొచ్చంట, ఊరికే మార్చిస్తారంట. ఎప్పుడు తోలుకుపోతావు?"

"ఈ లోడు దించి పోతాలే."

"పోయిన లోడప్పుడూ ఇదే చెప్పినావు."

దామోదరం తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడిచాడు. యాభై దాటిన పొట్టి మనిషి. కిటికీ పక్కనుండే కుడి మోచెయ్యి ఎడమదాని కన్నా నల్లన. ఆ నలుపంతా ఇతరుల లారీల్లో సంపాదించిందే.

చిక్కేమిటంటే, చిత్తూరు షోరూం ఎదురుగానే కుప్పుస్వామి టీ తాగే అంగడి. కుప్పుస్వామి పంకజాక్షి అక్క మొగుడు, రెండు లారీల యజమాని. అత్తగారింట్లో పెద్దల్లుడికి కుర్చీ వేస్తారు. దామోదరాన్ని ఐసు తెమ్మని పంపుతారు. కోడికూర వడ్డించేటప్పుడు ఆ ఇంట్లో గరిటెకు కూడా వరస తెలుసు. ఏళ్ళ తరబడి దామోదరం ఆ కుర్చీని చూస్తూ మెడముక్క నమిలాడు.

అలాంటి కుప్పుస్వామి, కాణిపాకంలో కొత్త లారీకి పూజ చేయించిన రోజు, బండి చుట్టూ తిరిగి, టైరు మీద తట్టి, "బాగుండాదప్పా" అన్నాడు. ముఖం మాత్రం కషాయం తాగినట్టుంది. అప్పటినుంచి దామోదరం ఆ ముఖాన్ని తలచుకుంటే చాలు, కడుపు నిండిపోతోంది. బండి షోరూం షెడ్డులో కనబడిందా, ఆ ముఖం మళ్ళీ మామూలైపోతుంది. అంతకన్నా నష్టం ఇంకేముంది?

ఐరాలలో బెల్లం ఎక్కించుకుని పలమనేరు దారి పట్టాడు. దారిపొడవునా చెవి గేరుబాక్సు మీదే ఉంది. మొగిలి ఘాటు రోడ్డు మొదట్లో, వెనక కుప్పుస్వామి లారీ అద్దంలో కనిపించింది. స్వయంగా తోలుతున్నాడు. దామోదరం వెన్ను నిటారైంది. కొత్త బండి కొండ ఎక్కే తీరు చూపించాలని, అవసరం లేని చోట గేరు మార్చాడు.

మలుపులో ఠక్కుమంది. ఇంజను అరుస్తోంది, చక్రాలకు ఆ అరుపు అందడం లేదు. గేరుకర్ర చేతిలో గరిటెలా ఆడింది. బ్రేకు తొక్కాడు, హ్యాండ్‌బ్రేకు లాగాడు. అయినా బెల్లం బరువుకు బండి మెల్లగా వెనక్కి, కుప్పుస్వామి లారీ మీదికి జారుతోంది.

"బ్రేకు మీంచి కాలు తియ్యబాకు! నేనుండా!"

అద్దంలో పంచె ఎగ్గట్టిన మనిషి. పక్కనున్న రాయిని దొర్లించుకుంటూ వచ్చి, రెండు లారీల నడుమ దూరి, జారే చక్రం కిందికి వంగాడు. గర్రుమని చప్పుడు. బండి ఆగింది.

దామోదరం దిగేసరికి కుప్పుస్వామి గీరుకుపోయిన అరచేతిని పంచెకు తుడుచుకుంటున్నాడు.

"గేరుబాక్సేనా?"

"నీకెట్ట తెలుసన్నా?"

"ఆ షోరూం ఎదురుగానే గదప్పా నా టీ. ఇదే పని మీద ఎన్ని బండ్లు వచ్చి పోతాండాయి! నీకు చెప్దామనే అనుకున్నా. చెప్తే కుళ్ళుకుంటాండాడు అంటావని గమ్మునుండిపోయినా." అరచేతిని ఇంకోసారి తుడుచుకుని, "కుళ్ళూ ఉన్నిందిలే" అన్నాడు.

సాయంత్రానికి క్రేను వచ్చింది. కొత్త లారీ ముందు చక్రాలు గాల్లోకి లేచాయి. హారను కూడా కొట్టకుండా, వేరొకరి వెనక, చిత్తూరు వైపు దిగిపోయింది. మలుపు తిరిగేదాకా ఇద్దరూ చూశారు.

"తప్పు నాదేనన్నా" అన్నాడు దామోదరం. "నువ్వు చూస్తావనే షెడ్డుకు పోలా. నీ మొగం మాడాలని నీ పానం మీదికే తెచ్చినా."

కుప్పుస్వామి తన లారీ ఎడమ తలుపు తీసి పట్టుకున్నాడు.

వాళ్ళు వెళ్ళాక, రోడ్డంచుకు తోసిన రాయి అక్కడే ఉంది. ఒక పక్క కొత్త టైరు నలుపు, ఇంకో పక్క ఆరిన నెత్తుటి ఎరుపు.