ఎనిమిదో దారం ముడి

నేను ఒక అట్టముక్కను. నా మీద అడ్డంగా పదిహేడు దారాలు బిగించి కుట్టారు. నా మీద కాగితం పరిచి బొటనవేలితో రుద్దితే దారాల అచ్చు పడి, సిరా చుక్క లేకుండానే గీతలు తేలతాయి. పుస్తకాలన్నీ చేత్తో రాసే కాలంలో నాలాంటి అట్ట లేనిదే ఏ లేఖకుడికీ పని జరిగేది కాదు. ఇప్పుడు నన్ను చూసినవాళ్ళు చిరిగిన జల్లెడ అనుకుంటున్నారు. అనుకోనివ్వండి.

అరబ్బులు ఏలిన కాలపు స్పెయిన్‌లో, కొర్డోబా నగరంలో నన్ను కుట్టిన పిల్ల పేరు రైహానా. తండ్రి పోయాక బాబాయి ఖలఫ్ దగ్గర పెరిగింది. ఆయనది పుస్తకాల దుకాణం. రాసినవారి పేరు చివరి పేజీలో వేయడం ఆ వృత్తిలో ఆచారం. రైహానా ఇంట్లో కూర్చుని రాసేది, ఖలఫ్ తన పేరు వేసుకునేవాడు. ఆ ఊళ్ళో పేరు వేసుకున్న ఆడవాళ్ళు లేకపోలేదు, ఈయనకే అది మింగుడుపడలేదు. చెడ్డవాడు కాదు, పొగడ్తంటే చెవి కోసుకునేవాడు, అంతే. ఒక్క పుస్తకంలోనైనా తన పేరుండాలని రైహానా కోరిక. ఆ మాట నాతోనే చెప్పుకునేది.

ఒకసారి నా ఎనిమిదో దారం తెగింది. తొందరలో ఆమె ముడి వేసి ఊరుకుంది. అప్పటినుంచి ప్రతి పేజీలో ఎనిమిదో గీత మధ్యన నువ్వుగింజంత బొడిపె తేలేది.

ఆ పేజీలతో కట్టిన వైద్యగ్రంథం ఒకటి పట్టుకుని హమ్దూనా అనే ఆవిడ ఖలఫ్ దుకాణానికి వచ్చింది. నలభై ఏళ్ళు కాన్పులు చేసిన వైద్యురాలు. చూపు మసకబారింది.

"నా కూతురు చదివి వినిపించింది. ఒక్క తప్పు దొర్లలేదు. ఇది రాసిన చేతితోనే నా వైద్యమంతా రాయించుకోవాలి, నాతోపాటు మట్టిలో కలిసిపోకుండా" అంది.

"అది రాసింది నేనేనమ్మా" అన్నాడు ఖలఫ్.

"అయితే నీ గీతల అట్ట ఇలా ఇయ్యి నాయనా."

ఖలఫ్ తన అట్ట ఇచ్చాడు. ఆవిడ వేళ్ళతో తడిమి, "ఇది కాదు. ఆ పుస్తకంలో పేజీపేజీకీ నా వేలికి ఒక ముడి తగిలింది" అంది.

దుకాణం వెనకున్న ఇంట్లోంచి విన్న రైహానా నన్ను తెచ్చి ఆవిడ చేతిలో పెట్టింది. ఆవిడ వేలు ఎనిమిదో దారం మీద ఆగింది. నా జీవితంలో అంతగా మరెప్పుడూ గర్వపడలేదు.

"కూర్చో తల్లీ. మొదలుపెడదాం" అంది హమ్దూనా.

చలికాలమంతా ఆవిడ చెప్పింది, ఈమె రాసింది. చివరి పేజీ నాడు ఖలఫే సిరాబుడ్డి దగ్గరికి జరిపి, "పేరు కాస్త పెద్దగానే రాయి" అన్నాడు. 'చెప్పినది హమ్దూనా, రాసినది రైహానా' అని రాసింది.

ఇప్పుడు నేనూ ఆ పుస్తకమూ మ్యూజియంలో పక్కపక్కనే ఉన్నాం. 'ఎవరు వాడినదో తెలియదు' అని నా ముందు చీటీ పెట్టారు. మొన్న పుస్తకం దుమ్ము దులుపుతున్న అమ్మాయి వేలు ఒక పేజీలో ఎనిమిదో గీత మీద ఆగింది. మరో పేజీ తిప్పింది, ఇంకోటి తిప్పింది, నావైపు చూసింది. వచ్చి నా చీటీ తీసేసింది.

కొత్తది ఇంకా రాలేదు. ఎవరి పేరు రాయాలో ఆ అమ్మాయికి తెలుసు కాబట్టి నాకేం తొందర లేదు.